కార్టూన్‌లో మా ఆయన జంపఖానా

“ఎర్రది అందలే, ఎడమ కొనకు పసుపుది ఏసిన. ఇప్పకు, అట్లనే ఉండనియ్యి.”

“నాకింక పనిలేదా, గది ఇప్పుకుంట కూసునుటానికి? చాయ్ తాగి జల్ది రా, బియ్యం కడిగిన.”

మా ఆయనకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, పోయే ముందు చెప్పాల్సిన మాట ఇదేనా? ఒళ్లు జాగ్రత్త అనలేదు. ఇల్లు జాగ్రత్త అనలేదు. దారం సంగతి చెప్పి చెప్పులేసుకుని పోయాడు. చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. చేతిలో గ్లాసు కింద పడకుండా పక్కనున్న మనిషి పట్టుకున్నాడట. మనిషిని పట్టుకోవాల్సింది పోయి గ్లాసు పట్టుకున్నాడు. ఏం చెప్పాలి వాళ్లకు.

ముందే చెబుతున్నా. నాకు దయ్యాలంటే నమ్మకం లేదు, ఆత్మలంటే నమ్మకం లేదు. మా ఆయన దినాలకు పెట్టిన పిండాన్ని కాకి ముట్టలేదని చుట్టాలంతా గుసగుసలాడితే, “దానికి ఆకలి లేదేమో, అన్నం మీద మీరంతా గట్ల కూసుంటే అదెట్ల తింటది” అన్నదాన్ని నేను. అందుకు మా వదిన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు స్వప్న రాస్తోంది. నేను ఒక రకంగా అంటే అది పుస్తకం భాషలో ఇంకో రకంగా రాస్తోంది. మధ్యలో కలం ఆపి “అత్తా, గట్ల రాస్తే మంచిగుండదు” అంటోంది. మంచిగుండడానికి చెప్పడం లేదు నేను. జరిగింది జరిగినట్టు చెబుతున్నా.

మా ఇల్లు కొత్తవాడలో. ముందు గది మొత్తం మగ్గానిదే. మిగిలిన దాంట్లో మనుషులం సర్దుకునేవాళ్లం. మా ఆయన మల్లేశం జంపఖానాలు నేసేవాడు. బయటివాళ్లు కార్పెట్లంటారు. మగ్గానికి బిగించిన పడుగు దారాల మధ్య నుంచి రంగు దారాన్ని అడ్డంగా పోనిచ్చి, ఇనుప పంజాతో కొట్టి కూర్చేవాడు. బొమ్మను కాగితం మీద గీసుకునే అలవాటు లేదు. అంతా తలలోనే. ముందుముందు రంగు ఎక్కడ మారాలో పడుగు మీద బొగ్గుతో చిన్నచిన్న గుర్తులు పెట్టుకునేవాడు, అంతే.

నా పని కండెలకు దారం చుట్టడం, నేత అయిపోయాక చివర వేలాడే దారాలకు ముళ్లు వేయడం. పంజా మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు.

ఆ ముళ్ల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా అమ్మగారిల్లు నర్సంపేట దిక్కు. మాదీ నేతవాళ్ల ఇల్లే కానీ మా తాత కాలంలోనే మగ్గం పోయింది. మేం పత్తి కూలికి పోయి బతికినవాళ్లం. పత్తి నింపిన బోరెం, అంటే గోనెసంచి, మూతిని రెండు చుట్లు చుట్టి, కొసను కింది నుంచి లాగి బిగించే ముడి ఒకటుంది. నా చేతికి వచ్చింది అదే. పెళ్లయి వచ్చాక జంపఖానాలకు కూడా అదే వేశాను. కొత్తవాడలో ఇంకెవరూ అట్లా వేయగా నేను చూడలేదు. “జంపఖానాకు బోరెం ముడేందే? పత్తి అమ్ముతానమా?” అని మా ఆయన ఎక్కిరించేవాడు. ఎక్కిరించాడే కానీ, విప్పి మళ్లీ కట్టమని ఏనాడూ అనలేదు.

ఆయన పోయిన రోజు మగ్గం మీద ఉన్నది నడుమ ఒకటే పెద్ద డైమండ్ బొమ్మ. మెట్లు మెట్లుగా వెడల్పవుతూ వచ్చి సరిగ్గా సగానికి వచ్చింది. కుడి కొనలో ఎర్ర మెట్టు వేశాడు. ఎడమ కొనలోనూ ఎర్రదే రావాలి. నేను పక్కన కూర్చుని ఎర్ర కండె చుడుతూనే ఉన్నా. చుట్టేదాకా ఆగాడా? ఆగలేదు. చాయ్ కోసం కాళ్లు లాగుతున్నాయి మరి. చేతికందిన పసుపు దారం పెట్టి ఆ మెట్టు నింపి లేచిపోయాడు. పైగా విప్పకు అని నాకు హుకుం.

దినాలయ్యాక రామస్వామి వచ్చాడు. మా ఆయనతో కలిసి పని నేర్చుకున్న మనిషి, పక్క వాడలోనే మగ్గం ఉంది. మిగిలిన సగం నేసి పెడతానన్నాడు. మగ్గం ముందు కూర్చుని చాలాసేపు చూశాడు.

“గీ గుర్తులు కూడ తప్పున్నయి చెల్లె. డైమండ్ అన్నంక పైకి పోంగ పోంగ మూసుకోవాలె గద. గిది తెరుసుకుంట పోతాంది. మల్లేశం ఏం సోయిల పెట్టిండో.”

“నాకేమెరుక. నాతోని చెప్పి పెట్టిండా?”

“నేనొక పని జేస్త. గా పసుపు మెట్టు ఇప్పి, గుర్తులు చెరిపి, నా తీరుగ నేస్త.”

“ఇప్పద్దన్నడు.”

“ఎవలు?”

“ఇంకెవలు, నీ దోస్తే.”

“మనిషే లేడు గద చెల్లె.”

“మాటున్నది గద.”

తప్పు పనికి తన చెయ్యి పెట్టనని లేచిపోయాడు రామస్వామి. నాకు ఆయన మీద కోపం రాలేదు. మా ఆయన మీద వచ్చింది. ఒక్క ఎర్ర కండె. దాని కోసం ఆగి ఉంటే ఈ బాధ ఉండేదా?

మా అత్తగారింట్లో ఒక పట్టింపు ఉంది. మగ్గం ఎక్కిన పనిని సగంలో కోయరు. పడుగు అయ్యేదాకా నేయాలి, ఆ తర్వాతే కత్తెర. నేయడానికి మనిషి లేడు, విప్పడానికి మాట లేదు, కోయడానికి ఆ పట్టింపు అడ్డం. సగం జంపఖానా మీద పాత చీర కప్పి మగ్గం మీదే వదిలేశాను. ముందు గదిలోకి వచ్చినప్పుడల్లా అది నా మొహం చూసేది, నేను దాని మొహం చూసేదాన్ని.

ఇంతలో మా మరిది సాంబయ్య వచ్చి పడ్డాడు. ఆటో నడుపుతాడు, పెళ్లి చేసుకోలేదు. స్టేషన్ ఘన్‌పూర్ రోడ్డులో ఆటో బోల్తా పడి కాలు విరిగింది. కట్టు విప్పేదాకా ఎవరు చూస్తారు? నేనే చూడాలి. ముందు గదిలో మగ్గం పక్కన మంచం వేశాను. కాలు చాపితే మగ్గానికి తగులుతోందని వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టాడు.

“మనిషే లేడు, మగ్గమెందుకు వదినె? కోసి పక్కకు పెడుదాం. వడ్లాయనకు చెప్పిన, సోమవారం వచ్చి మగ్గం పీకుతడు.”

ఆ ఇంట్లో పుట్టిన మనిషే కత్తెర అంటుంటే, కోడలుగా వచ్చినదాన్ని నేనెంతకాలం పట్టు పట్టాలి? సరే కానీ అన్నాను. అని లోపలికి వెళ్లి పప్పు మాడబెట్టాను.

సాంబయ్యకు ఇంకో రోగముంది. కాలు విరిగినప్పుడు కొనుక్కున్న పెద్ద ఫోనులో పొద్దంతా కార్టూన్లు చూస్తాడు. నెత్తి సగం తెల్లబడింది. సీరియల్ చూడు, వార్తలు చూడు, ఎవరొద్దన్నారు? కార్టూన్లే కావాలి. అవీ తెలిసినవి కావు, ఎక్కడెక్కడివో ఏరుకుని చూస్తాడు. చెవిలో పెట్టుకునేవి పెట్టుకోరా అంటే చెవి నొప్పి అంటాడు. ఆ సప్పుడు వినలేక నాకు తలనొప్పి.

ఆ సోమవారానికి ముందు శనివారం, మధ్యాహ్నం పూట. నేను వంటింటి గడపలో కూర్చుని బెండకాయలు కోస్తున్నా.

“వదినె, జర ఇటు రా.”

“నీ గాడిద కూతలు నువ్వే వినుకో. నా చేతుల బెండకాయలున్నయి.”

“గట్ల కాదు వదినె. గిది మా అన్నది.”

“ఏది?”

“గీ కార్టూన్ల నేల మీద పరిచింది.”

కాలితో పాటు తల కూడా దెబ్బతిన్నదేమో అనుకుని వెళ్లాను. మొదటి నుంచి పెట్టి చూపించాడు. ఆ భాష తెలుగు కాదు, హిందీ కాదు. ఏ దేశందో నాకిప్పటికీ తెలియదు. మొదటి ఎపిసోడ్ అని పేరు కింద ఇంగ్లీషులో రాసి ఉందన్నాడు. మాటలు తెలియకున్నా బొమ్మల్లో నాకర్థమైన కథ ఇది. చంద్రుడు రెండు ముక్కలైన లోకం. తాబేలు ఆకారంలో ఇనుప ఓడ, నీళ్లలో కాదు, మబ్బుల్లో ఆగిపోయి ఉంటుంది. దాన్ని ఎవరూ కదిలించలేకపోయారు. నుదుట చిన్న కొమ్ములున్న ఒక పిల్ల, మనిషి కాని ఇనుప ముసలాయన ఒకడు, ఆ ఓడ కడుపులో తిరుగుతుంటారు. ఆ ముసలాయన తల అచ్చం చాయ్ కెటిలే. ఏం చూస్తాడో ఇవన్నీ.

వాళ్లు ఎన్నడూ తెరవని ఒక గదిలోకి పోతారు. గదిలో గోడకు తలుపు ఉంటుంది, గొళ్లెం ఉండదు, తాళం కప్ప ఉండదు. నేల మీద జంపఖానా ఉంటుంది.

నడుమ పెద్ద డైమండ్ బొమ్మ. ఎరుపు, నలుపు, నీలం మెట్లు. కుడి కొనలో ఎర్రది. ఎడమ కొనలో ఒకే ఒక్క పసుపు మెట్టు.

ఆ పిల్ల జంపఖానా అంతా తిరుగుతుంది, ఏమీ కాదు. చివరికి కాలు తెచ్చి ఆ పసుపు మెట్టు మీద పెడుతుంది. అది దీపంలా వెలుగుతుంది. ఓడ మొత్తం ఊగుతుంది. తలుపు కొంచెం తెరుచుకుంటుంది. అంతే, అయిపోయింది. లోపల ఎవరున్నారో చూపించలేదు.

“మళ్ల పెట్టు” అన్నాను.

సాంబయ్య వేలికి మిర్చి బజ్జీ నూనె. ఒకటి నొక్కితే ఒకటి పోతుంది. వెనక్కి తిప్పితే ముందుకు పోయింది, ముందుకు తిప్పితే తలనొప్పి గోలీల యాడ్ వచ్చింది. నాకు అవసరమే. చీర కొంగుతో ఆ ఫోను తుడిచి ఇచ్చి, జంపఖానా కనిపించే చోట ఆపమన్నాను. ఆపాడు. పెద్దగా చేయమన్నాను. చేశాడు. చివర దారాలు చూపించమన్నాను.

రెండు చుట్లు. కొస కింది నుంచి లాగి బిగించి ఉంది. బోరెం ముడి.

బెండకాయలు ఎప్పుడు కింద పడ్డాయో నాకు తెలియదు. సాంబయ్య ఏదో అంటున్నాడు, వినిపించలేదు. నేను లేచి మగ్గం మీది పాత చీర లాగేశాను. సాంబయ్య ఒంటి కాలి మీద గెంతుకుంటూ వచ్చి ఫోను పడుగు పక్కన పట్టాడు. కార్టూన్‌లో పై సగంలో డైమండ్ మూసుకోలేదు. మెట్లు రెండు పక్కలకూ తెరుచుకుంటూ పైదాకా పోయాయి, తలుపు రెక్కలు తీసినట్టు. రామస్వామి తప్పన్న బొగ్గు గుర్తులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాం. కార్టూన్‌లో మెట్టు ఎక్కడ మలుపు తిరిగిందో, ఇక్కడ గుర్తు అక్కడే ఉంది.

భయం తర్వాత వచ్చింది. ముందు కోపమే వచ్చింది. ఏమయ్యా, ఇదంతా కొమ్ముల పిల్లకు చెప్పించే బదులు ఆ రోజు చెప్పులేసుకునేటప్పుడు నాకు చెబితే ఏం పోయేది?

చదివేవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలుసు. నేనూ అవే అనుకున్నా. మా ఆయన ఆ కార్టూన్ ఎక్కడో చూసి ఉంటాడు, చూసి నేసి ఉంటాడు అని. ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను. ఇంట్లో టీవీలో వచ్చేవి నా సీరియళ్లు. సాంబయ్య ఈ పెద్ద ఫోను కొన్నది అన్న పోయాక. పోనీ, ఆయన నేసినది ఏదో ఏ దేశానికో పోయి ఉంటుంది, దాన్ని చూసి వాళ్లు గీసి ఉంటారు అనుకున్నా. నా ముళ్లు అట్లా పోయి ఉండొచ్చు, ఒప్పుకుంటా. కానీ ఆ పసుపు మెట్టు ఆయన వేసింది ఆ ఒక్కసారే. అది మా ముందు గది దాటి బయటికి పోలేదు. మగ్గం మీద నుంచే దిగలేదు.

మరునాడు స్వప్న వచ్చింది. ఆ కార్టూన్ ఎప్పుడు పెట్టారో దాని కిందనే రాసి ఉంటుందట, చదివి చెప్పింది. మా ఆయన ఈ పడుగు బిగించడానికి చాలా ముందే పెట్టారు. రెండో ఎపిసోడ్ వెతికింది, లేదు. తీసినట్టే లేదట. చూసినవాళ్లు కూడా పెద్దగా లేరు. వాళ్లకు ఇంగ్లీషులో ఒక మెసేజ్ పెట్టింది. జవాబు రాలేదు.

“గ్రాఫిక్స్‌ల ఇటువంటి డిజైన్లు కామన్ అత్తా” అంది మొదట. నేను చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకుపోయి నిలబెట్టాను. ఆ తర్వాత ఆ మాట అనలేదు.

ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. ఆ జంపఖానాకు నా ముళ్లున్నాయి. అంటే అది అయిపోయింది. పసుపు మెట్టు విప్పకుండానే అయిపోయింది. రామస్వామి నేయలేదు, సాంబయ్యకు చేతకాదు. ముళ్లు నావైతే మిగిలిన నేత ఎవరిది?

సోమవారం వడ్లాయన సుత్తి, ఉలి సంచిలో వేసుకుని వచ్చాడు. గడపలోనే సాంబయ్య చంక కర్ర అడ్డం పెట్టాడు.

“ఇయ్యాల కాదన్నా. మా వదినె నేస్తాంది.”

నేయడం అంటే చూసినంత సులువా? ఇన్నేళ్లు పక్కన కూర్చుని చూశాను, చెయ్యి మాత్రం పెట్టలేదు. పంజా బరువుకు మణికట్టు వాచింది. సాంబయ్య ఫోను పట్టుకుని కూర్చునేవాడు. సరిగ్గా రంగు చూసుకునే సమయానికి అది నల్లగా ఆరిపోయేది. వెలిగిస్తే ఎవరో ఆటో దోస్తు ఫోను చేసేవాడు. “వదినె నేస్తాంది రా, కార్టూన్ చూసి నేస్తాంది” అని లోకానికంతా చెప్పేవాడు. కొత్తవాడంతా నవ్వింది. నవ్వనీ.

ఒకరోజు రామస్వామి వచ్చి వెనక నిలబడ్డాడు. ఫోనులో బొమ్మ చూశాడు, మగ్గం చూశాడు, మళ్లీ ఫోను చూశాడు. చెమట తుడుచుకుని కింద కూర్చున్నాడు.

“పంజా గట్ల పట్టకు చెల్లె, చెయ్యి పోతది. బొటనవేలు కిందికి.”

ఆ తర్వాత రోజూ ఒక పూట వచ్చి చెప్పేవాడు. పసుపు మెట్టు ఊసు మాత్రం ఎత్తలేదు. ఒకసారి ఆ మెట్టు మీద దుమ్ము ఉంటే తన తువ్వాలతోనే దులిపాడు.

పడుగు అయిపోయింది. కత్తెర పెట్టి కోసి దించాం. నేను కూర్చుని ముళ్లు వేశాను, నాకు వచ్చిన ముళ్లే. ముందు గదిలో పరిచి, కార్టూన్ పక్కన పెట్టి, రామస్వామి, సాంబయ్య, నేను, ముగ్గురం చూశాం. ఏ తేడా లేదు. నేను నేసిన సగంలో అంచు ఒక చోట కొద్దిగా లోపలికి గుంజుకుపోయింది, చెయ్యి తిరగనిదాన్ని కదా. కార్టూన్‌లో కూడా అక్కడ అంచు లోపలికి గుంజుకుపోయి ఉంది. అంతకు ముందు అది ఎవరమూ గమనించలేదు.

వాళ్లిద్దరూ చాయ్‌కి బయటికి పోయాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, చెప్పులు విడిచి ఆ పసుపు మెట్టు మీద కాలు పెట్టాను. ఎందుకు దాచాలి, పెట్టాను. మిట్టమధ్యాహ్నం. ఏదీ వెలగలేదు. ఏ తలుపూ తెరుచుకోలేదు. వంటింట్లో పాలు పొంగాయి. పొయ్యి కట్టేసి మళ్లీ వచ్చి కాసేపు నిలబడ్డాను. కాలి కింద దారం గరుకుగా ఉంది. అంతే.

జంపఖానా అమ్మలేదు. కట్టు విప్పినా సాంబయ్య ఇల్లు కదలడం లేదు, దాని మీదే కూర్చుని కార్టూన్లు చూస్తాడు. ఎడమ కొన వైపు మాత్రం కూర్చోడు. రెండో ఎపిసోడ్ వచ్చిందేమో అని రోజూ పొద్దున్నే చూస్తాడు. నేను వంటింట్లో నుంచి వచ్చిందా అని అడుగుతాను. రాలేదంటాడు. తలుపు సగం తీసి వదిలిపెట్టి పోయినవాళ్లను ఏమనాలి?

ఎవరు గీశారో, ఎట్లా గీశారో, నేను అప్పటికింకా వేయని ముడి వాళ్ల చేతికెట్లా వచ్చిందో నాకు తెలియదు. దయ్యం అంటే ఇప్పటికీ ఒప్పుకోను.

“స్వప్నా, అయిపోయింది. ఇగ సదువు బిడ్డా. మొదటి నుంచే సదువు. ఆయన మాట కాడ జర ఆగి సదువు. నా మాటల తప్పులున్నా నువ్వు దిద్దకు. ఇప్పకు, అట్లనే ఉండనియ్యి. ఊఁ, సదువు.”